చేతికిచ్చిన ఉప్పు

మాలిని చేసిన మొదటి పొరపాటు, ఆ టిష్యూ పొట్లాన్ని తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేయడం.

అప్పటికి శనివారం పొద్దున్న తొమ్మిది కావడానికి రెండు నిమిషాలుంది. సింగపూర్‌లో జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌కి ఎదురుగా ఉన్న బిల్డింగులో నాలుగో అంతస్తు. ట్రైనింగ్ సెంటర్ వంటగదిలో పన్నెండు స్టీలు బల్లలు మిలమిలా మెరుస్తున్నాయి. హాకర్ సెంటర్లో సొంతంగా తిండి స్టాల్ పెట్టుకోవాలనుకునే వాళ్లకి ఇక్కడ నాలుగు శనివారాల కోర్సు ఒకటి నడుస్తుంది. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి చేపను కోయడం దాకా అన్నీ నేర్పే టీచరు మాలిని. వయసు ఇరవై ఏడు. మనిషి పిడికెడే గానీ గొంతు మాత్రం పన్నెండు బల్లలకీ వినిపిస్తుంది.

ఆఖరి వరసలో కిటికీ పక్క బల్ల మీద ఎవరో టిష్యూ పొట్లం పెట్టి, సీటు చోప్ చేసుకుని, అంటే తమదని పట్టేసుకుని పోయారు. భోజనాల వేళ ఫుడ్ కోర్టులో ఊరంతా చేసే పనే. కానీ ఇది ఫుడ్ కోర్టు కాదు. మాలిని దాన్ని రెండు వేళ్లతో ఎత్తి బుట్టలో పడేసింది.

అదే సమయానికి తలుపు దగ్గర ఒక కుర్రాడు ప్రత్యక్షమయ్యాడు. పొడుగ్గా ఉన్నాడు. వానకి తడిసిన జుట్టు, చేతిలో తాడు కట్టిన ప్లాస్టిక్ సంచీలో కాఫీ.

“ఎక్స్‌క్యూజ్ మీ మిస్. అక్కడ నా టిష్యూ...”

“బుట్టలో ఉంది. వంట బల్ల మీద బయటి వస్తువు పెట్టకూడదు, రూల్ నంబర్ వన్. ఆ కాఫీ కూడా బయటే, లా. పేరు?”

“మహీ.”

“మహీ. మూడు నిమిషాలు లేటు.”

“గడియారం చూడండి మిస్. ఇంకా రెండు నిమిషాలు ఉంది.”

మాలిని గడియారం చూసింది. నిజంగానే ఉంది. దాంతో ఆమెకి ఇంకా ఒళ్లు మండింది. ఈ మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, చివర ‘లా’ అనే సింగపూర్ తోకతో సహా. కుర్రాడు ఏ మూలవాడో తెలియదు. ఉత్తరాది వాడయి ఉంటాడనుకుని వదిలేసింది.

ఆమె చిరాకుకి కారణం టిష్యూ కాదు. ముందురోజు సాయంత్రం మేనేజర్ సురేన్ ఆమెని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. సురేన్ తలుపు వేశాడంటే మంచివార్త కాదని సెంటర్లో అందరికీ తెలుసు.

“మాలినీ, ఈ బ్యాచ్‌లో సీక్రెట్ అసెసర్ వస్తున్నాడు. స్టూడెంట్ లాగే చేరి, స్టూడెంట్ లాగే కూర్చుంటాడు. ఎవరో నాకూ తెలీదు. పోయినసారి నీ మీద వచ్చిన కంప్లయింట్ గుర్తుందా?”

గుర్తులేకపోవడమేం. టీచరు మరీ గద్దిస్తుందని ఎవరో రాశారు.

“ఈసారి రిపోర్టు బాగోకపోతే నీ కాంట్రాక్టు పొడిగించడం నా చేతిలో ఉండదు.”

కాంట్రాక్టు పోతే వర్క్ పాస్ పోతుంది. వర్క్ పాస్ పోతే బస్సెక్కి మలేషియాలో తెలుక్ ఇంతాన్‌కి తిరుగు ప్రయాణం. అక్కడ అమ్మా నాన్నా ఆనందంగానే కళ్లకద్దుకుంటారు, అందులో సందేహం లేదు. కానీ పామాయిల్ లారీ నడిపే నాన్నకి కూతురు మెడలో వేలాడే ఆ ట్రైనర్ బ్యాడ్జి అంటే ఎంత గర్వమో మాలినికి తెలుసు. నాలుగేళ్లు రెస్టారెంట్ల వెనక గదుల్లో ఉల్లిపాయలు తరిగి, పరీక్షలు రాసి సంపాదించుకున్న బ్యాడ్జి అది. దాన్ని పోగొట్టుకుని ఇంటికి వెళ్లడం ఆమెకి ఇష్టం లేదు.

అయితే ఒక ధైర్యం ఉంది. సీక్రెట్ ఏజెంట్లని పసిగట్టే విద్యలో మాలినికి మంచి శిక్షణ ఉంది.

ఆ శిక్షణ సెంబవాంగ్‌లో, ఆమె అద్దెకుంటున్న ఫ్లాటులో, సాయంత్రం ఏడింటికి భోజనం పళ్లాల ముందు జరుగుతోంది. ఇంటి ఓనరు చాముండేశ్వరి ఆంటీది రాజమండ్రి. ఆవిడకి కొరియన్ సీరియల్ పిచ్చి. ఇప్పుడు చూస్తున్న దాంట్లో ముప్పై ఏళ్ల గూఢచారి ఒకడు యూనిఫారం తొడుక్కుని పిల్లలతోపాటు హైస్కూల్లో కూర్చుంటాడు. క్లాస్ టీచరుకి వాడి మీద అనుమానం. ఆ అనుమానం ఎనిమిది ఎపిసోడ్ల నుంచి నలుగుతోంది.

“చూడవే, ఎప్పుడూ తలుపు దగ్గర ఎటు పారిపోవాలో చూసుకుంటాడు. మిగతా వాళ్లకంటే పెద్దాడు. అన్నీ చీటీ మీద రాసుకుంటాడు. ఆ టీచరు మొద్దుకి అర్థం కాదేంటి!” అంటుంది ఆంటీ, ముద్ద చేతిలో పట్టుకుని.

ఆంటీ చెప్పిన లక్షణాలన్నీ మనసులో పెట్టుకుని మాలిని క్లాసంతా ఒక్కసారి కలయజూసింది. వెతకాల్సిన పనే లేకపోయింది. మొదటి వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న అరవై ఏళ్ల పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. జేబులో రెండు పెన్నులు, బల్ల మీద చిన్న నోటుబుక్కు. కూర్చున్న మరుక్షణం ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “అమ్మా, ఫైర్ ఎగ్జిట్ ఎటు?”

ఆయన పేరు రాజారావు. ఆమె బ్యాడ్జి మీద పేరు చూసి, ఊరు కనుక్కుని, తెలుగులోనే మాట్లాడాడు కూడా. ఏజెంటుకి అన్ని భాషలూ వచ్చి ఉంటాయని ఆమె సరిపెట్టుకుంది.

ఆ రోజు నుంచి రాజారావుగారికి క్లాసులో రాజభోగం మొదలైంది. పదునైన కత్తి ఆయనకే. ఎత్తయిన కుర్చీ ఆయనకే. పదకొండింటికి స్టాఫ్ గదిలోంచి వేడివేడి టీ కూడా ఆయన ఒక్కడికే. ఆయన “వద్దమ్మా” అనబోయేవాడు. మాలిని ముఖంలో ఆత్రం చూసి తాగేసేవాడు.

ఆఖరి వరస మహీకి దక్కినవి మాత్రం చీవాట్లు. కత్తి పట్టుకోవడం రాదు. మొదటిరోజే కేరట్‌తోపాటు వేలు తరుక్కున్నాడు.

“వేళ్లు లోపలికి ముడవండి మిస్టర్ మహీ! కస్టమర్ అడిగింది కేరట్!”

“సారీ మిస్.”

“స్టాల్ పెట్టేది మీరేనా?”

“ఫ్రెండ్ పెడతాడు. నేను హెల్ప్.”

“పాపం ఆ ఫ్రెండ్.”

విరామంలో కిటికీ దగ్గర నిలబడి, మహీ పక్కనే ఉన్నా పట్టించుకోకుండా, మాలిని ఆంటీకి ఫోన్ చేసి తెలుగులో అంతా చెప్పేసింది. “దొరికాడాంటీ, ఏజెంటు మొదటి వరసలోనే ఉన్నాడు... ఆ, కుర్రాళ్లా? ఒకడున్నాడు. కళ్లు బాగానే ఉన్నాయి గానీ చేతులే దేనికీ పనికిరావు.”

పక్కన మహీకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

రెండో శనివారం కూర వండించింది. బల్లల మధ్య తిరుగుతూ అందరి గిన్నెలూ చూస్తోంది. మహీ గిన్నెలో వంకాయలు చప్పగా ఉన్నాయి. ఉప్పు గిన్నె తీసి అతనికి అందించబోయింది. అతను తీసుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, బల్ల మీద పెట్టమన్నట్టు గడ్డంతో చూపించాడు.

మాలిని పరధ్యానంగా బల్ల మీద పెట్టింది. అతను అప్పుడు తీసుకుని వేసుకున్నాడు.

రెండడుగులు వేశాక ఆమె ఆగిపోయింది. ఉప్పు చేతికివ్వకూడదు. ఇస్తే ఇద్దరి మధ్యా గొడవలొస్తాయి. తెలుక్ ఇంతాన్‌లో అవ్వ బతికున్నన్నాళ్లూ అలా గడ్డంతోనే చూపించేది. మరి ఈ ఉత్తరాది కుర్రాడికి ఈ పట్టింపు ఎక్కడిది? తమిళవాడా? తెలుగువాడా?

తేల్చుకోవడానికి ఒక్కటే దారి. మాలిని మెల్లగా అతని వెనక్కి వెళ్లి, మామూలు గొంతుతో, పక్కా తెలుగులో అంది.

“మీ భుజం మీద బొద్దింక ఉందండీ.”

మహీ అడుగెత్తున ఎగిరాడు. గరిటె ఒకవైపు, మూత ఒకవైపు. “ఎక్కడ? ఎక్కడండీ? తీసేయండీ!” అంటూ చొక్కా దులుపుకుంటూ గుండ్రంగా తిరిగాడు. క్లాసంతా నోరు తెరుచుకుని చూసింది.

తెలుగు అర్థమైన మరో మనిషి కూడా ఆ గదిలో ఉన్నాడు. రాజారావుగారు తలెత్తి, కళ్లద్దాలు సర్దుకుని, నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

మాలిని పై ప్రాణాలు పైనే పోయాయి. వంట నేర్పే చోట బొద్దింక ఉందని టీచరే అంటే ఇక రిపోర్టు ఏం బాగుపడుతుంది?

“లేదు సార్! బొద్దింక లేదు సార్! జోక్! ఊరికే జోక్!” అంటూ ఆయన దగ్గరికి పరిగెత్తింది.

“ఓహో. సెరి అమ్మా, సెరి,” అన్నాడాయన, ఇంకేదో రాసుకుంటూ.

క్లాసు అయిపోయాక మహీ మెట్ల దగ్గర పట్టుబడ్డాడు.

“తెలుగువారై ఉండి నోరు మెదపకుండా కూర్చున్నారా? అంటే పోయినవారం నేను ఫోన్లో...”

“విన్నానండీ. కళ్లు బాగున్నాయన్నారు. థాంక్సండీ.”

“అలామాక్! అయ్యో!” మాలిని రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది.

“పూర్తి పేరు మహీధర్. మాది పాలకొల్లు. ఇప్పుడు ఆంగ్ మో కియోలో ఉంటాను. ఇంటిపేరు కూడా చెప్పమంటారా?”

“ముందు మకాన్‌కి, తిండికి నడవండి. ఆకలేస్తే నాకు సిగ్గు పడ్డానికి కూడా ఓపికుండదు.”

బయట వాన కుండపోతగా పడుతోంది. పైకప్పున్న దారి వెంట ఇద్దరూ హాకర్ సెంటర్‌కి నడిచారు. మూలన బల్ల ఖాళీగా కనబడగానే మహీధర్ జేబులోంచి కొత్త టిష్యూ పొట్లం తీసి, దాన్ని ఆమెకి చూపిస్తూ మరీ నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

“ఇక్కడ పడేయరు కదా మిస్?”

“ఇక్కడ బోలే, పెట్టుకోవచ్చు. ఇక్కడ అది చట్టం.”

అన్నం తింటూ మాలిని మాట్లాడుతూనే ఉంది. ఆమె తెలుగులో మధ్యమధ్య మలయ్ ముక్కలు, ముత్తాతల కాలం నాటి మాటలు కలిసిపోయి వస్తుంటే అతను తినడం మానేసి వింటున్నాడు.

“ఏటలా చూస్తన్నారు?”

“మా తాతమ్మ మాట్లాడినట్టుందండీ. ఆవిడ పోయాక ఇలాంటి మాటలు మళ్లీ వినలేదు.”

“అంటే ముసల్దాన్నంటారా?”

“అయ్యో! బాగుందంటున్నానండీ. చాలా బాగుంది.”

మాలిని చెవులు వేడెక్కాయి. మాట మార్చాలనుకుని, ఎవరికీ చెప్పకూడని విషయం చెప్పేసింది.

“మీకో రహస్యం చెప్తా. మన క్లాసులో సీక్రెట్ ఏజెంటు ఉన్నాడు.”

మహీధర్‌కి పొలమారింది. ఆమె నీళ్ల సీసా అతని ముందుకి తోసి, అంతా చెప్పుకొచ్చింది. సురేన్ తలుపు వేయడం, కాంట్రాక్టు, నాన్న లారీ, మెడలో బ్యాడ్జి. “రాజారావుగారే. ఫైర్ ఎగ్జిట్ ఎటని అడిగారు చూడండి, అక్కడే దొరికిపోయారు. నేనసలు ఎవరికీ టీ ఇచ్చేదాన్ని కాదు. భయం వేసి ఇస్తన్నా.”

“ఒకవేళ ఆయన కాకపోతే?” మహీధర్ కంచంలోకి చూస్తూ అడిగాడు.

“మరెవరు? మీరా?” మాలిని పకపకా నవ్వింది. “మా సీరియల్లో ఏజెంటు తుపాకీ చక్కగా పట్టుకుంటాడు. మీకు కత్తే రాదు.”

అతను నవ్వలేదు. అన్నం సగం అలాగే ఉంది.

“ఈ విషయం నాకు చెప్పకుండా ఉండాల్సిందండీ.”

“ఏం?”

“ఊరికే.” అతను లేచాడు. “వెళ్లొస్తానండీ.”

గొడుగైనా లేకుండా వానలోకి దిగి స్టేషన్ వైపు పరుగెత్తాడు. టిష్యూ పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. వెళ్తానని కాకుండా వెళ్లొస్తానన్నాడు కదా అనుకుంటూ మాలిని దాన్ని సంచీలో వేసుకుంది.

మూడో శనివారం అతను రాలేదు.

తొమ్మిదిన్నర దాకా తలుపు వైపు చూసింది. పదింటికి ఆఖరి వరస బల్ల దగ్గర వేరే మనిషి వచ్చి నిలబడింది. మిసెస్ గో అట. పాత బ్యాచ్‌లో రెండు క్లాసులు ఎగ్గొట్టిందట, వాటిని ఇప్పుడు పూర్తి చేసుకోవాలట. రెండు చేతులకీ ఆరు ఉంగరాలు. మాలిని అసలే చిరాకులో ఉంది.

“ఉంగరాలు తీసేయండి మేడమ్. పిండిలో మురికి చేరేది వాటి కిందే.”

“పెళ్లి ఉంగరం కూడానా?”

“పెళ్లి ఉంగరం కూడా.”

మిసెస్ గో కనుబొమలెగరేసి, ఒక్కొక్కటే తీసి పర్సులో వేసుకుంది.

ఆ రోజు ఏజెంటుగారు కూడా జోరు పెంచాడు. టీ కప్పు అందుకుంటూ రాజారావు చిన్న గొంతుతో అడిగాడు.

“అమ్మా, మీ ఇంటిపేరు?”

చెప్పింది. ఏజెంట్లు పూర్వాపరాలు విచారిస్తారని సీరియల్లో చూసిందే.

“గోత్రం?”

చెప్పింది.

“పుట్టిన తేదీ, టైము?”

పాస్‌పోర్టులో ఉన్న తేదీ చెప్పి, టైము అమ్మని అడిగి చెప్తానంది.

“నక్షత్రం తెలుసామ్మా?”

“మృగశిర సార్. రెండో పాదం సార్. ఎత్తు కూడా కావాలా సార్?”

“వద్దులే అమ్మా, కనిపిస్తోందిగా,” అంటూ ఆయన అన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మాలిని గర్వంగా ఇదంతా చెప్పింది. చాముండేశ్వరి ఆంటీ రిమోట్ తీసుకుని సీరియల్ ఆపేసింది. ఆవిడ సీరియల్ ఆపడం మాలిని చూడడం అదే మొదలు.

“నక్షత్రం అడిగాడా?”

“రెండో పాదం కూడా చెప్పాను.”

“ఓసి పిచ్చిదానా! ఏ గవర్నమెంటుకే మృగశిర నక్షత్రంతో పని? ఆయన ఏజెంటు కాదే, పెళ్లికొడుకు తండ్రి! ప్రతివారం ఆయనొక్కడికే టీ ఇచ్చి, కుర్చీ వేసి, కొంగు బిగించి సేవ చేస్తుంటే ఏమనుకుంటాడు? ఈ పిల్లకి మా ఇంటికి కోడలిగా రావాలని ఉంది కాబోలు అనుకుంటాడు!”

మాలిని చేతిలో ముద్ద కంచంలో పడింది.

“మరి ఏజెంటు ఎవరాంటీ?”

అడిగిన మరుక్షణమే ఆమెకి జవాబు తెలిసిపోయింది. పేరు సగమే చెప్పినవాడు. తెలుగువాడినని దాచినవాడు. కత్తి పట్టుకోవడం రాకపోయినా స్టాల్ కోర్సుకి వచ్చినవాడు. ఆమె గుట్టంతా విని, అన్నం సగంలో వదిలేసి వెళ్లిపోయినవాడు.

“వాడి టిష్యూ బుట్టలో పడేశాను,” అంది నీరసంగా. “బొద్దింక ఉందన్నాను. భయంతోనే టీ ఇస్తున్నానని నా నోటితో నేనే చెప్పాను.”

ఆంటీ మళ్లీ సీరియల్ పెట్టింది. తెర మీద టీచరుకి కూడా ఆ రోజే నిజం తెలిసింది. ఆమె వానలో నిలబడి ఏడుస్తోంది. గూఢచారి మాత్రం కనిపించడం లేదు.

“ఒక్కసారొచ్చి నోరు తెరిచి చెప్పి చావచ్చుగా వెధవ!” అని ఆంటీ తెరని తిట్టింది.

మాలినికి ఉద్యోగం పోతుందన్న భయం ఒకవైపు ఉంది. దానికంటే ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. తాతమ్మలా మాట్లాడుతున్నారు, చాలా బాగుంది అన్నాడు కదా, అది కూడా డ్యూటీలో భాగమేనా? ఆ మాటని ఆమె వారం రోజులు తవ్వుకుంది. సంచీలో టిష్యూ పొట్లం కనబడినప్పుడల్లా పారేద్దామనుకుని, పారేయలేకపోయింది.

ఆఖరి శనివారం వచ్చేసరికి ఆమెకి భయం కూడా అలిసిపోయింది. రిపోర్టు ఎలాగూ రాసేసి ఉంటాడు. ఇక ఎవరి కోసం నటించాలి? రాజారావుగారి కత్తి అందరి కత్తుల్లోకి చేరింది. టీ బందయింది. చేప సరిగ్గా కడగలేదని ఆయన్నీ, జుట్టుకి టోపీ పెట్టుకోలేదని మిసెస్ గోనీ ఒకే గొంతుతో గద్దించింది. గద్దించాక పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని నేర్పించింది. ముళ్లు తీయడం రాదని బెదిరిపోయిన వాళ్లకి మళ్లీ మళ్లీ చేసి చూపించింది. మాలినికి పని బాగా తెలుసు. ఏజెంటు హడావుడిలో ఆ సంగతి తనే మరిచిపోయింది.

క్లాసు అవగానే రాజారావుగారు నోటుబుక్కు పట్టుకుని తటపటాయిస్తూ వచ్చాడు.

“అమ్మా, ఎలా చెప్పాలో తెలీడం లేదు. ముప్పై ఏళ్లు సెంబవాంగ్ షిప్‌యార్డులో సేఫ్టీ ఆఫీసరుగా చేశాను. ఎక్కడికెళ్లినా ముందు ఫైర్ ఎగ్జిట్ చూసుకోవడం అలవాటు. ఇప్పుడు ఇడ్లీ స్టాల్ పెడదామని ఇలా వచ్చాను. నువ్వు చూపించిన గౌరవానికి మా ఆవిడా నేనూ ఎంతో మురిసిపోయాం. కానీ మావాడు... ఆఫీసులో ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడటమ్మా. నిన్ననే చెప్పాడు. నీకు ఆశ పెట్టినట్టయింది, ఏమీ అనుకోకు.”

మాలిని ఆయన చేతులు రెండూ పట్టేసుకుంది.

“అంకుల్! అంకుల్, చాలా థాంక్స్!”

ఇంత సంతోషంగా సంబంధం వదులుకున్న పిల్లని రాజారావు తన జన్మలో చూసి ఉండడు. అయినా ఆయన ముఖం కూడా తేటపడింది. “అయితే ఒక మాటమ్మా. ఆ టీ... నాకు షుగరు. మూడు వారాలూ నువ్వేమనుకుంటావో అని తాగేశాను.”

ఇద్దరూ నవ్వుతుండగా సురేన్ పిలుపొచ్చింది. ఈసారి కూడా తలుపు వేశాడు. మాలిని బ్యాడ్జిని గట్టిగా పట్టుకుని నిలబడింది.

“పాస్!” అన్నాడు సురేన్. “మామూలు పాస్ కాదు, చాలా మంచి రిపోర్టు, లా! మిసెస్ గో ఇప్పుడే ఇచ్చి వెళ్లింది.”

“ఎవరు?”

“మిసెస్ గో. అసెసర్. పెళ్లి ఉంగరం తీయించిన ట్రైనర్ని ఇరవై ఏళ్ల సర్వీసులో మొదటిసారి చూసిందట. గద్దించినా వదిలేయకుండా నేర్పిస్తుందని రాసింది. ఒక్క లోపం. ‘మూడో వారం ఒక్కరికే టీ ఇచ్చారు. ఇస్తే అందరికీ ఇవ్వాలి.’”

మాలిని కుర్చీలో కూలబడింది. నాన్నకి ఫోన్ చేయాలి. ఆంటీకి చెప్పాలి. ఊపిరి ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో ఏమో, ఒక్కసారిగా వదిలింది. కానీ ఒక ముల్లు ఇంకా మిగిలే ఉంది.

“మరి మహీధర్?”

సురేన్ సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె వైపు తిప్పాడు. “ఇది నీకు చూపించకూడదు. ముందు పంపింది అతన్నే. మధ్యలో తప్పుకున్నాడు, అందుకే ఆవిడ వచ్చింది. నేను కాఫీ తెచ్చుకుంటా. ఈలోగా నువ్వు ఏం చదివినా నాకు తెలీదు.”

అసెసర్లు సొంత మనుషులకి మార్కులు వేయకూడదు. అలాంటిదేదైనా ఉంటే ముందే చెప్పి తప్పుకోవడానికి ఒక ఫారం ఉంటుంది. కారణం అన్నచోట మహీధర్ రెండే వాక్యాలు రాశాడు. ట్రైనర్ మాలిని విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను. రిపోర్టు వచ్చేదాకా ఆమెను కలవను, మాట్లాడను.

దాని కింద పంపిన సమయం ఉంది. రెండో శనివారం, మధ్యాహ్నం రెండుంపావు.

అన్నం బల్ల దగ్గర్నుంచి అతను లేచి వెళ్లింది రెండింటికి. రైలెక్కగానే రాసి ఉంటాడు, తడిసిన బట్టలతో. మాలినికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వాటిని ఆపుకోలేదు.

ఆ రోజు క్లాసులో చూపించడానికి వండిన చేపల పులుసు, అన్నం ఒక డబ్బాలో సర్దుకుని కిందికి దిగింది. మళ్లీ వాన. హాకర్ సెంటర్ మూల బల్ల దగ్గర మహీధర్ కూర్చుని ఉన్నాడు. ఎదురు కుర్చీ ముందు ఒక టిష్యూ పొట్లం పెట్టి ఉంది. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

“రిపోర్టు వచ్చేసిందని మెసేజ్ వచ్చిందండీ. ఇక మాట్లాడొచ్చు. అందుకే...”

“రెండు వారాలు!” మాలిని డబ్బా బల్ల మీద ఠంగుమని పెట్టింది. “రెండు వారాలు నేను ఏమేం అనుకున్నానో తెల్సా? ఏజెంటంట ఏజెంటు! ఒక్క మాట చెప్పి పోకూడదా?”

“చెబితే మీ రిపోర్టు చెల్లదండీ. మళ్లీ మొదటికొస్తుంది. నా కోసం మీ బ్యాడ్జి పోతే మీ నాన్నగారి ముందు ఏ ముఖంతో నిలబడతాను?”

నాన్న ముందు నిలబడే ఆలోచన దాకా వెళ్లాడన్నమాట ఈ మనిషి.

“మీ ఆఫీసులో ఏమన్నారు?”

“తిట్టారండీ. వంట క్లాసులు తీసేసి ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవింగ్ క్లాసులకి పంపించారు. సోమవారం ఒక గోడని గుద్దాను.”

మాలిని నవ్వకూడదనుకుంది. నవ్వేసింది. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు.

“మాలినిగారూ.” అతను ఈసారి కళ్లలోకి చూస్తూ అన్నాడు. “వెళ్లొస్తానన్నాను కదండీ. వచ్చాను. మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ టిష్యూ బుట్టలో పడేసిన రోజు నుంచీ.”

ఆమె సంచీలోంచి, అతను మొన్న మరిచిపోయిన పొట్లం తీసి, కొత్త పొట్లం పక్కన పెట్టింది. అతను ఆ రెండిటినీ చూసి, ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. సంగతంతా విని చాముండేశ్వరి ఆంటీ అటునుంచి అరిచింది. “వచ్చాడా! మా సీరియల్ వాడికంటే నయం. ఇవాళ ఏడింటికి ఆఖరి ఎపిసోడు, వాణ్ణి భోజనానికి తీసుకురావే. మీ అమ్మకి నేను ఫోన్ చేస్తాలే, నక్షత్రం ఏదో కనుక్కుని పెట్టు!” ఆ గొంతు పక్క బల్లల దాకా వినిపించింది.

“ఉత్తరాభాద్రండీ,” అన్నాడు మహీధర్, బుద్ధిగా.

మాలిని సిగ్గుతో డబ్బా మూత తీసి పులుసు వడ్డించింది. అతను ఒక ముద్ద తిన్నాడు. ఆలోచించాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

“చెప్పండి. అసెసర్‌గారి నాలుక ఏమంటోంది?”

“నిజం చెప్పాలాండీ?”

“ఊఁ.”

“ఉప్పు వేయడం మరిచిపోయారు.”

ఆమె ఒక మెతుకు నోట్లో వేసుకుని చూసింది. నిజమే. నాలుగేళ్లలో ఎప్పుడూ లేదు, ఇవాళే మరిచిపోయింది. ఎవరి గురించి ఆలోచిస్తూ మరిచిపోయిందో అడగలేదు, అతను పెద్దమనిషి. మాలిని పక్క స్టాల్‌కి వెళ్లి చిన్న గిన్నెలో ఉప్పు అడిగి తెచ్చి అతని ముందుకి చాపింది.

అలవాటుగా అతని చెయ్యి వెనక్కి వెళ్లింది. గడ్డం బల్ల వైపు తిరిగింది.

మాలిని గిన్నె కింద పెట్టలేదు.

“చేతికిస్తే గొడవలొస్తాయండీ,” అన్నాడతను మెల్లగా.

“రానివ్వండి. గొడవ పడాలంటే రోజూ కనబడాలి కదా.”

మహీధర్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాపి, గిన్నెతోపాటు ఆమె వేళ్లు కూడా పట్టుకున్నాడు.